ఏ మంచు?

నాలుగున్నరకి, ఇంకా చీకటుండగానే,
సిరిపురం రేడియో స్టేషన్‌కి ఢిల్లీ నుంచి కాగితం వస్తుంది.
ఆరుంబావులోగా దాన్ని తెలుగు చేసి చదవడం నా పని.
బులెటిన్‌కి ఇంతని, నెలకి ఆరు డ్యూటీలు.

ఇవాళ్టి కాగితంలో
ఉత్తరాది మైదానాలకి వారమంతా కొరికే చలి,
ఎన్నడూ లేనిది, నేల కనపడకుండా మంచు కురిసే సూచన.

మైదానాలు అని రాసి ఆగాను.
మా ఊళ్ళో మైదానమంటే ఎగ్జిబిషన్ వేసే చోటు,
టెన్నిస్ బంతితో క్రికెట్టు, అప్పుడప్పుడూ సర్కసు.
చదును నేలలు అని దిద్దాను. అది ప్లాట్ల ప్రకటనలా ఉంది.
కొట్టేశాను.

అసలు చిక్కు తర్వాతి మాటతో.
పొద్దున్నే గడ్డి మీద పాదాలు తడిపేదీ మంచే,
అరకు ఘాటీలో బస్సు హెడ్‌లైట్లని మింగేదీ మంచే,
"మంచులో తిరక్కు, పడిశం పడుతుంది" అంటూ
మా అమ్మ నా చెవులకి తువ్వాలు చుట్టిందీ ఆ మంచుకే.
పైనుంచి రాలి, పేరుకుని, తలుపు తెరుచుకోనివ్వని దానికి
విడిగా మాటెందుకు చేసుకుంటాం?
ఎన్నడూ గడప తొక్కని చుట్టానికి
పీట ఎవరు వేసి ఉంచుతారు?

లంబసింగి నుంచి స్ట్రాబెర్రీలు తెచ్చి అమ్మే
పాంగి రత్నాలమ్మ ఒకసారి చెప్పింది,
తెల్లారి లేచేసరికి బిందెలో నీళ్ళు అద్దం కట్టాయని,
వేలితో పొడిస్తే చిట్లాయని.
"దాన్ని మీవాళ్ళేమంటారు?" అని అడిగితే
వింతగా చూసి,
"ఏటంతాం? సలి" అంది.

హిమపాతం అని రాశాను, నిఘంటువు మీద భారం వేసి.
పైకి చదువుకుంటుంటే
గార్డు అప్పలసూరి టీ గ్లాసు పెడుతూ
మంకీ టోపీ చెవుల మీంచి ఎత్తి
"హిమ పాఠమా అమ్మా? ఏ క్లాసుదండీ?" అన్నాడు.
మళ్ళీ మంచు అనే పెట్టాను.

చివర్లో మన ఊరు.
కనిష్ఠం పద్దెనిమిది, పొడి వాతావరణం, సముద్రం మామూలు.
అది చదువుతుంటే స్టూడియో ఏసీకి
నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

ఏడు దాటాక ల్యాండ్‌లైను మోగింది.
పెద జాలరిపేట నుంచి, పేరు కాసులమ్మట.
"ఇందాక మంచన్నారు. ఏ మంచమ్మా?
మా నూకరాజు రొయ్యల లోడేసుకుని లూధియానా ఎల్లాడు.
పొగలాటిదా, నీరులాటిదా?"

హార్బర్‌లో రొయ్యల మీద పారతో చల్లుతారు చూడండి,
ఆడించిన ఐసు,
అది పైనుంచి పడుతుందండీ అన్నాను,
రోడ్డు మీద, లారీ అద్దం మీద, రాత్రంతా.

అవతల కాసేపు అలల చప్పుడు.
ఎవరో పిల్ల దగ్గు.

"అయితే బండి లోపలా ఐసే, బయటా ఐసే."
అవునండీ.
"రొయ్యకి మంచిదే.
మరి ఆడికి?"

కాగితం తిరగేశాను.
కనిష్ఠం ఉంది, గరిష్ఠం ఉంది,
గాలి గంటకి ఎన్ని కిలోమీటర్లో ఉంది.
వెనకవైపు ఖాళీ.
నేను నసుగుతుంటే ఆవిడే
"సాయంత్రం కూడా సెప్తారు కదా, ఇంతాన్లే" అని పెట్టేసింది.

సాయంత్రం డ్యూటీ నాది కాదు.
హైమావతిని బతిమాలి వంతు మార్చుకున్నాను.
మంచు అన్నచోట "ఆడించిన ఐసులాంటి మంచు" అని రాశాను,
లారీలు నడిపేవాళ్ళు రాత్రి ఎక్కడైనా ఆగిపోతే మేలని
కాగితంలో లేని ముక్క ఒకటి కలిపాను.
ఎడిటరు గారు రెండూ కొట్టేశారు,
ఎర్ర సిరాతో, స్కేలు పెట్టి.

ఇప్పుడు తలుపులు మూశారు.
మైకు పక్కన ఎర్ర దీపం వెలిగింది.
కొట్టేసిన అక్షరాలు
గీత కిందనుంచి బాగానే కనపడుతున్నాయి.