గింజల కారం

ఎవరూ విత్తరు దాన్ని.
మిరప కల్లం వెనక పెంటగుంట మీద
నిరుడు ఊడ్చి పారబోసిన చెత్తలోంచి
తనంతట తనే లేస్తుంది.
పొద్దుగూకాక జానెడు పువ్వు
తెల్లగా నోరు తెరుస్తుంది.
కాయ ముళ్ళ ఉండ. పగిలితే లోపల
అచ్చం మిరపగింజలే.
అదే చదును, అదే చెవి ఆకారం,
రంగు కాస్త మురికి, అంతే.

ప్రాణహిత అవతల కాళేశ్వరంలో
ఇదే ఉమ్మెత్త లింగం మీద కూర్చుంటుంది.
ఇవతల సిరొంచ దవాఖాన రిజిస్టరులో
నేను మరాఠీలో రాస్తాను: ధోత్రా.

ఆ రాత్రి ఆటోలోంచి ముగ్గురిని దించారు.
రాజక్క, దాని తొమ్మిదేళ్ళ కొడుకు, మామ బానయ్య.
కల్లం ఊడ్చిన గింజలు
సేటు ఊరికే పట్టుకుపొమ్మన్నాడట.
ఎల్లిపాయ వేసి నూరిందట. మనిషికి రెండు జొన్నరొట్టెలు.
"చేదనిపించలేదా?" అంటే
"కారంల చేదేం తెలుస్తది సిస్టరమ్మా" అన్నది
గోడతో.
నేను దానికి ఎడమపక్క నిలబడి ఉన్నాను.

నాలుక అట్టముక్క. ఒళ్ళు పెనం.
కంట్లో పాప పెరిగి పెరిగి
మిగతా రంగులకి చోటు లేకుండా చేసింది.
పిల్లాడు దుప్పటి మీద లేని చీమల్ని
ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకుంటున్నాడు.
మేశ్రామ్ డాక్టరు గొట్టం వేసి కడుపులు కడిగి,
విరుగుడు చంద్రపూర్ నుంచి రావాలని చెప్పి,
కుర్చీలోనే కునికాడు.

బానయ్య పడుకోలేదు.
బొటనవేలికి దారం చుట్టి, ముడి వేసి, బిగించి,
పంటితో తెంపి, మళ్ళీ చుట్టి
గాలితో వల అల్లుతున్నాడు.
ఆరేళ్ళుగా ఏటి మొహం చూడని చేతులు,
తొడిమలు తుంచి తుంచి మండిపోయిన చేతులు
ఒక్క ముడి తప్పలేదు.
"అంకూ, గుంజి పట్టు" అన్నాడు నన్ను.
"వదులైతే బొచ్చె జారిపోతది."

చేతులు మంచానికి కట్టెయ్యాలి, పద్ధతి ప్రకారం.
గుడ్డపీలికలు తెచ్చాను కూడా.
ఎందుకో
వాటిని భుజాన వేసుకుని
రెండు చేతులూ చాపి అంచు పట్టుకున్నాను.

వల మంచం దాటింది.
సెలైన్ స్టాండు దాటింది.
తలుపు దాకా పరిచాం ఇద్దరం.
నాలుగింటప్పుడు పిల్లాడికి తడిగుడ్డ మార్చడానికి లేచి
చీర కుచ్చిళ్ళు ఎత్తి
దాన్ని తొక్కకుండా దాటాను.
ఆ రోజు నేను తిన్నది పప్పన్నం.

మూడోనాటికి అందరి నోళ్ళలో తడి ఊరింది.
"వల ఏం చేశావు?" అనడిగాను.
"ఏం వల?" అన్నాడు బానయ్య.
మూడు రోజుల కూలి పోయిందన్నాడు.
గేటు దాకా పోయి వెనక్కొచ్చి
చాలా మెల్లగా అడిగాడు:
"అంకుబాయి పేరేమన్న తీసిన్నా?"
లేదన్నాను.

రిజిస్టరులో వలకి గడి లేదు.
ఆ వార్డులో తలుపు పక్కన
ఇప్పటికీ కాస్త పక్కకి జరిగి నడుస్తాను.
కొత్తగా వచ్చిన ఆయా నవ్వుతుంది.

వానలకి ఈ ఏడు
దవాఖాన వెనక నాలుగు ఉమ్మెత్త మొక్కలు మొలిచాయి.
పీకించాను,
మూడింటిని.