సీరియల్ నంబరులో చివరి అంకె

కంచరపాలెం మెట్టు దాటాక
రైలుపట్టాల వారనున్న కోతమిల్లులో
తుక్కు లారీ రావడానికి రెండు గంటలుందనగా
నన్ను పిలిచారు, దీని వయసు చెప్పమని.

చిత్రిక యంత్రం.
నడుం దాకా ఎత్తు, దున్నపోతంత పోత ఇనుము.
పేరు ఫలకం లేదు.
ఇత్తడి కదా, ఎప్పుడో పూర్ణా మార్కెట్ చేరి
ఎవరింటి గంటో అయ్యుంటుంది.
నాలుగు మరచీలల చిల్లులు మాత్రం మిగిలాయి.
ముందు వాటినే కొలిచాను.
రెంటి మధ్య మూడుంపావు అంగుళాలైతే
యుద్ధానికి ముందరి ఫలకం.
మూడున్నర అయితే తరవాతిది.
ఇది మూడున్నర.
కానీ పక్కనే, లప్పం కింద,
పూడ్చేసిన పాత చిల్లులు రెండు.

అక్కడ మొదలైంది అనుమానం.

చాకు మొనతో గోరు వెడల్పున రంగు గీకాను.
పైన మిల్లువాళ్ల నీలం.
దాని కింద ఓడల అడుగులకేసే ఎరుపు,
షిప్‌యార్డులో ఎవరికో బావమరిది ఉండుంటాడు.
దాని కింద బూడిద.
అన్నిటికన్నా అడుగున
వానాకాలం కైలాసగిరి లాంటి పచ్చ.
ఆ పచ్చ కొన్నాళ్లే వేశారు.
ఎన్నాళ్లో నా నోటుబుక్కులో ఉంది, ప్రశ్నార్థకంతో సహా.

బేరింగు విప్పించాను. బాల్ బేరింగు కాదు,
కరిగించి పోసిన తెల్ల లోహం,
నూనె గాడి చేత్తో చెక్కినది. అయితే పాతదే.
కప్పీ మాత్రం మూడు గాడుల వి-బెల్టుది. కొత్తది.
చెక్కను ఆనించే నిలువు పలక
జ్ఞానాపురం ఫౌండ్రీలో పోసింది,
ఇసుక గరుకు అరచేతికి తెలుస్తోంది.
కొత్త కుర్రాడెవడో అచ్చులో తిన్నగా చెక్కేస్తే
పోతలో తిరగబడి తేలిన ‘శ్రీ’ ఒకటి, అంచున.

బెడ్డు చివర కిరసనాయిలు గుడ్డతో రుద్దితే
నంబరు బయటపడింది:
నాలుగు, ఒకటి, ఏడు, సున్నా,
ఆ పైన ఇంకో అంకె.
ఉప్పుగాలి తినేసింది. మూడో, ఎనిమిదో.
కంపెనీ లెక్కలో ఒక ఏడాది అయిదు దగ్గర ముగుస్తుంది.
మూడైతే ఈ పక్క, ఎనిమిదైతే ఆ పక్క.

యజమాని కొయ్యాన ధనంజయ్ వాచీ చూసుకున్నాడు.
“ఏదో ఒక మోడల్ రాసేయండి సార్.
పాతదని కాగితం ఉంటే
హైదరాబాదులో కిలోల్లెక్కన కాదట, మొత్తంగా కొంటారట.”

కత్తులు బిగించే దిమ్మ ఒక్కటీ తేలడం లేదు.
ఆ మోడల్లో అది నలుపలకలుండాలి.
ఇక్కడ గుండ్రం.
ఎప్పుడు మార్చారు?
బిల్లు లేదు. చిట్టా చెదలు తింది.

మూల రంపప్పొట్టు బస్తా మీంచి
లక్కోజు సన్యాసాచారి లేచొచ్చాడు.
బీడీ చెవి సందున దోపి
ఎడమ చెయ్యి నా ముందు చాపాడు.
చూపుడువేలు రెండు కణుపులు లేదు,
మధ్యవేలు ఒకటి.

“పలకల దిమ్మ బాబూ. నాకు తెలుసు.
గుండ్రందైతే కొరికి ఒగ్గేస్తాది.
పలకలది ఒగ్గదు, లోనికి లాక్కుంటాది.
ఉక్కు గొడవల యేడు. ఊరంతా బందు.
మూడ్రోజులు మూసి తెరిసిన పొద్దున్న.
నానప్పుడు పదిహేనేళ్ల గుంటడ్ని.
కేజీహెచ్ నుంచి వచ్చీసరికి
ముసలాయన గుండ్రం దిమ్మ ఏయించేసినాడు.
నా జీతంలో పట్టుకోలేదు. మంచోడే.”

నా చేతిలో వెర్నియర్ తెరిచే ఉంది.
దేన్ని కొలవబోయానో మరి.

లారీ వెనక్కొస్తూ కూతపెట్టింది.
ఫారంలో సంస్థ దగ్గర గీత గీశాను.
నమూనా దగ్గర, ‘పాత ఒళ్లు, తరవాతి ఫలకం’.
సంవత్సరం గడి చిన్నది.
‘దిమ్మ మట్టుకు పందొమ్మిదివందల అరవై ఆరు.
ఆధారం, సన్యాసాచారి ఎడమ చెయ్యి.’

“సదవండి బాబూ” అన్నాడు. చదివాను.
కాసేపు ఆలోచించి,
“పొద్దున్న అని కూడా రాయండి” అన్నాడు.

రాశాను.