చీకటికి కట్టిన అడ్వాన్సు

గోదావరిఖనిల నలభై ఆరు డిగ్రీలు.
కూలర్ల గడ్డి మూడోసారి తడిపి వచ్చేసరికి
మంచం మీద పటం పరిచి
ఫిన్లాండ్ నెత్తి మీద వేలు పెట్టి కూసున్నడు.
(పేరు పెట్టి పిలువను. రాస్తే తప్పులేదు: ఓదెలు.)
"డిసెంబర్ల ఇక్కడికి పోదాం."
ఆ గోరు కింద ఇంకా బొగ్గున్నది,
రిటైరై రెండేండ్లు దాటినా.

అఫ్రీన్ ఆఫీసు లక్ష్మీనగర్ల, మేడ మీద.
షిర్డీకి పంపింది, దుబాయికి పంపింది, ఉమ్రాకు పంపింది.
మంచుకు మాత్రం ఇప్పటిదాక ఎవల్నీ పంపలేదట.
కంప్యూటర్ల చూసుకుంట చదివింది:
మైనస్ ఇరవై ఐదు. అద్దాల గుడిసె. కుక్కలు గుంజే బండి.
కాళ్లకు బద్దలు కట్టి గుట్ట మీదికెల్లి జారుడు,
నేర్పెటోళ్లుంటరు, వాళ్ల పైసలు వేరే.
"అంకుల్, మోకాళ్లెట్లున్నయ్?"
"రోజూ బాయిల ఏటవాలు దిగి ఎక్కిన మోకాళ్లు, బిడ్డా!"
రాత్రి వాటికి జిందా తిలిస్మాత్ రాసేది నేను.
ఏం అనలేదు.

లెక్కల నోటుబుక్కుల నా రాత:
లాభాల వాటా, మూడు దసరాలది.
చిట్టి, నాలుగు వేలు తక్కువకు పాడి ఎత్తుకున్నది.
గాజులు అమ్మలేదు,
కథల్ల లెక్క అనుకునేరు.

బట్టలకు హన్మకొండ పోయినం.
మే నెలల ఉన్ని బనీన్లు అడిగితే
దుకాణాయన ఇద్దర్నీ ఫ్యాన్ కింద కూసోబెట్టి
నీళ్లిచ్చిండు,
ఎండదెబ్బ తాకిందనుకొని.

ఐతారం పొద్దున ఓబీ గుట్ట కాడికి.
ఓపెన్‌కాస్ట్ తవ్వి పోసిన మట్టి,
మా ఊరికి అదే హిమాలయం.
రెండు సర్వీ బద్దలు సైకిల్ ట్యూబుతోని కాళ్లకు కట్టుకొని
జారిండు.
ఐదడుగులు.
ఆరో అడుగుకు కూసున్నడు.
సెక్యూరిటీ పిలగాడు ఈల ఊదుకుంట ఉరికొచ్చి
మొఖం చూసి "ఓదెలన్నా, నువ్వా?" అని
తనే వెనుకకెల్లి నూకిండు.

బుధారం అఫ్రీన్ ఫోన్:
"ఆంటీ, ఒక్క ముచ్చట మరిచిన.
డిసెంబర్ల అక్కడ పొద్దు పొడువదు. చానా దినాలు.
మార్చికి మార్చాల్నా?"

మార్చమన్న.
మార్చమని ఆయన దిక్కు తిరిగి గట్టిగనే అన్న:
ముప్పై మూడేండ్లు పొద్దు లేని జాగల బతికినవ్, సాలలేదా?
ఆ చీకటికి కంపెనీ మనకు జీతమిచ్చింది.
ఈ చీకటికి మనమే కట్టాల్నా?

మామిడికాయ ముక్క చీకుకుంట చానాసేపు ఊకున్నడు.
టెంక పక్కకు పెట్టి,
"బాయిల చీకటి మీదికెల్లే ఉంటది," అన్నడు,
"చెయ్యి లేపితే తగుల్తది.
కప్పు చప్పుడు వినుకుంట నడుస్తం.
మొండయ్య ఒక్క నిమిషం వినలేదు.

పైన ఆకాశమున్న చీకటి,
కూలని చీకటి.
దాంట్ల ఒక్కపారి నిలబడాలె.
గంతే."

మొండయ్య టిఫిను డబ్బ మూత
మా ఇంట్లనే ఉన్నది. ఉప్పు గిన్నె మీద.

డిసెంబరే ఉంచుమని చెప్పిన.

ఫారాలు నింపిన దినం అఫ్రీన్ ఒక్కొక్కటే అడిగింది.
జారుడు వచ్చా? రాదు.
ఈత? కొంచెం.
చీకట్ల నడిచేటందుకు టోపీ లైట్లు కిరాయికిస్తరట,
పెట్టుకునుడు అలవాటున్నదా?
ఆయన కుర్చీల సక్కగ కూసుండి
"దానికి మాత్రం ఉన్నదని రాయి," అన్నడు.

"ఆంటీ, మీ కాలు సైజు?"
నాదెందుకని అడిగిన.
"బద్దలు ఇద్దరికి గదా."

హవాయి చెప్పులకు సైజేముంటది,
మడిమె బయటికొస్తే ఇంకో జత.
ఇంటికొచ్చి పాత పేపర్ మీద నిలబడి
పెన్సిలుతోని పాదం చుట్టూ గీసుకున్న.

ఆయన పండినంక
తలుపు మూలకున్న సర్వీ బద్దలు తెచ్చి
ట్యూబు బిగించి, మోకాళ్లు వంచి,
కూలర్ ముందట నిలబడ్డ.
లైటు ఆర్పి.