మూడు కొలతలు

పోపు గారు పోయిన మర్నాడే
బోర్గో పియో వీధిలో మా దుకాణానికి కబురొచ్చింది.
తెల్ల అంగీలు మూడు. చిన్నది, నడిమిది, పెద్దది.
ఎవరి ఒంటికో రాయలేదు.

ఒళ్ళు తెలియని బట్టకి
అంచు కుట్టదు ఎర్సీలియా.
టాకాలేసి వదిలేస్తుంది.
"ఎంత పొడుగో పైవాడికే తెలియాలి.
ఆయన టేపు తేడు"
అంటుంది, నోట్లో గుండుసూదులతోనే.

అసలెవరు కావచ్చు పోపు, అనడిగాను.
కత్తెర ఆగలేదు.
"మగవాడై ఉండాలి. బాప్తిస్మం అయి ఉండాలి. అంతే.
బిషప్పు కాకపోతే అప్పుడే చేసేస్తారు.
ఆ లెక్కన నువ్వూ కావచ్చు నెవియో,
కాజాలు వంకరగా కుట్టే నువ్వు."

నవ్వాం.
కార్డినల్ కానివాడు ఆ గడప దాటి
ఆరు వందల ఏళ్ళు దాటింది.
తలుపుకి గడియ లేదు,
తోసేవాడూ లేడు.
రాత్రి దుకాణం మూశాక
చిన్న అంగీ భుజాలకి ఆనించి అద్దంలో చూసుకున్నాను.
సరిపోయింది.
భయమేసి మడతపెట్టేశాను.

లోపల, ఎనభై నిండని ముసలివాళ్ళు
తమ రాత పోల్చుకోలేని రాతలో
ఒక్కో పేరు రాసి, మడిచి, పాత్రలో జారవిడుస్తారట.
లెక్కపెట్టే ముగ్గురిలో చివరివాడు
ప్రతి చీటీలో 'ఎన్నుకుంటున్నాను' అనే మాట మీదే
సూది గుచ్చి దారానికి ఎక్కిస్తాడట.
చివర్న ముడి. తర్వాత పొయ్యి.
మూడింట రెండు వంతులు రాకపోతే నల్ల పొగ.

"దారం వదులుగా లాగాలని
వాళ్ళకెవరైనా చెప్పారో లేదో," అంది ఎర్సీలియా.
"కాగితం ఊరికే చిరుగుతుంది."
ఆమెకి బాప్తిస్మం ఎనిమిదో రోజునే అయింది.
రూలులో మొదటి మాట దగ్గరే
ఆమె పని అయిపోతుంది.

మూడో రోజు సాయంత్రం తెల్ల పొగ.
వీధంతా చౌకు వైపు పరుగు,
రొట్టెల కొట్టు తెరిచే ఉంది, మనిషి లేడు.
మేం టీవీ ముందే ఉండిపోయాం.
అందరూ ముఖం చూస్తుంటే
ఆమె కాళ్ళ వైపు చూసింది.
"నడిమిది. రెండు వేళ్ళు పొడుగైంది.
మెట్ల దగ్గర ఎవరైనా పట్టుకోండయ్యా."

వారానికి పెట్టె తిరిగొచ్చింది, మిగిలిన రెండింటితో.
చిన్నది నేను మడిచిన మడతలోనే ఉంది.
పెద్దదాన్ని దులిపి
ఎర్సీలియా తన ఒంటికి ఆనించుకుంది,
అద్దానికి వీపు పెట్టి.
ఏమిటన్నాను.
"అంచు చూడాలంటే
ఏదో ఒక ఒళ్ళు కావాలి కదా," అంది.