గడి నంబరు పద్నాలుగు

స్టేషను ఎదుటి లాడ్జిలో
రాత్రి పది నుంచి ఆరు దాకా నేనే కౌంటరు.
గుండు చేయించుకున్నవాళ్ళు, చేయించుకోబోయేవాళ్ళు
నిద్రకళ్ళతో ఆధార్ చాపుతారు.
పేరు, ఊరు, వచ్చిన పని, వెంట ఎంతమంది –
అన్నీ రాసుకుంటాను.
వెంట రానిదెవరని మాత్రం
రిజిస్టరూ అడగదు, నేనూ అడగను.

తాళాల బోర్డు కింద
పాత సోఫా పరుపు మీద మోక్షిత.
నాలుగున్నరేళ్ళు.
నూట ఏడు తాళం గలగలలాడినా కదలదు,
నేను పుస్తకంలో పేజీ తిప్పితే చాలు
ఒక కన్ను తెరుస్తుంది:
"పరీచ్చ అయిపోయిందా మా?"

తొమ్మిదికి యూనివర్సిటీ.
పట్టుపురుగుల శాస్త్రం, రెండో సంవత్సరం.
తట్టల్లో ఆకు కొరికే చప్పుడు
రేకుల మీద సన్న వానలా ఉంటుంది.
ఉన్నట్టుండి ఆగిపోతుంది.
తలలెత్తి, తిండి మాని, బిగుసుకుపోతాయి.
మేడం దానికి ఇంగ్లీషు పేరు చెబుతుంది.
మా పలమనేరు రైతులు జ్వరమంటారు.
పాత చర్మం విడిచేదాకా
ఆకు వేయకూడదు, కదిలించకూడదు.
నాలుగు జ్వరాలు దాటితే గూడు.
నాకిది ఎన్నోదో
లెక్క తప్పిపోయింది.

ఒంటరి తల్లులకు చదువు సాయం అని
నోటీసు బోర్డులో కాగితం.
గుండుసూది ఒకటే, ఫ్యాను గాలికి
ఊఁ అంటా, ఊహూఁ అంటా.

ఫారంలో పద్నాలుగో గడి:
భర్త లేదా సంరక్షకుని సంతకం.
దామోదరం సారు పెన్ను అక్కడ ఆపినాడు.

"ఉండాడా, పోయినాడా?"
"పోయినాడు సార్."
"అయితే డెత్ సర్టిఫికెట్."
"అట్ల పోలేదు సార్.
తిరుప్పూరు పోయినాడు, బనియన్ల కంపెనీకి."
"అయితే కోర్టు కాగితం."
"కోర్టుకి ఇద్దరం పోవల్ల గదా సార్."

ఆయన అద్దాలు తీసి తుడిచినాడు, పెట్టుకోలేదు.
"సగం పోయినోళ్ళకి
మా కాడ గడి లేదమ్మా."

ఆ సోమవారమే
మోక్షిత బడి ఫారంలో
సంరక్షకురాలు అన్నచోట
మూడు సంతకాలు గీకినాను, ఎవరూ ఆపలేదు.
నాలుగు రోజుల్లో
ఆ చెయ్యికి ఏమైంది?

సచివాలయంలో చెప్పినారు:
నువ్వు ఒంటరిదానివని
ఇద్దరు వచ్చి సాక్ష్యం చెప్పాల.
మిషను ఆపి ఖైరున్నిసా వచ్చింది,
మెడలో టేపు అట్లే వేలాడతా.
బాడుగ రెండు నెలలు బాకీ ఉన్నా
ఇంటామె రాణెమ్మ వచ్చింది.
నాకెవరూ లేరని చెప్పడానికి
చెరొక పక్క నిలబడి
ఇద్దరూ వేళ్ళు నొక్కినారు.
రాణెమ్మ వేలు మూడుసార్లు పట్టలేదు,
అంట్లు తోమి తోమి గీతలరిగిపోయినాయి.
నాలుగోసారి మిషను ఒప్పుకుంది.
తిరిగొచ్చేటప్పుడు ముగ్గురమూ
ఒకే ఆటోలో ఇరుక్కొని కూర్చున్నాం.

నాలుగు నెలల తరువాత
లాడ్జిలో, రాత్రి రెండూ నలభైకి
ఫోను వెలిగింది.
పన్నెండు వేలు జమ.
కౌంటరుకి అవతల ఒక పెద్దాయన
వేడినీళ్ళు ఎప్పుడొస్తాయని అడుగుతున్నాడు.
"వచ్చినాయి సార్," అన్నాను.

పరీక్ష ఫీజు పోయింది.
రాణెమ్మకి రెండు నెలలు పోయింది.
ఖైరున్నిసా ఐదొందలే తీసుకొని
మిగతాది రానీ లే అనింది.
మిగిలినదాంట్లో
నాలుగు వందలు పెట్టి
ఒక రాత్రి కొనుక్కున్నాను.
నా బదులు కౌంటరులో
రూంబాయ్ మురుగేశు.

కొర్లగుంటలో, మా ఇంట్లో, మా చాపమీద
దీపమార్పి, పుస్తకం మూసి, దాని పక్కన పడుకున్నాను.
పదిన్నర. పదకొండు.
అది దొర్లుతా ఉంది.
"ఏమే?"
"తాళాలు కొట్టుకోలేదు మా."

చీకట్లో తడిమి
గూట్లో ఉన్న ఇంటి తాళం చెవి తీసి
గాజులకి తగిలించి మెల్లగా ఊపినాను,
అది నిద్రపోయేదాకా,
ఆ తరువాత కొంచెంసేపు ఊరికే.

వచ్చే జూన్‌లో రెన్యువల్.
మళ్ళీ అదే ఫారం.