అంచు గుంటల్లో నీళ్ళు

జనవరిలో డండీకి తొందరగా తెల్లవారదు.
ఎనిమిదైనా టే నది మీద
నూనె మడ్డిలా చీకటి.

ప్లేటు ఎత్తి దీపానికి పట్టి చూస్తాను.
మూడువందల ఎనభైనాలుగు గుంటలు.
మా మేనత్త చూస్తే వామనగుంటల పీట అనుకుని
పిక్కలేవే అనేది.

ఉన్నాయత్తా, కంటికి ఆనవు.
గుంటకి నాలుగువేల కణాలు,
అడుగున అతుక్కుని, నిమ్మళంగా.
వాటిని రెచ్చగొట్టడం నా పని.
చచ్చిన బాక్టీరియా గోడ నుంచి తీసింది ఒక్క చుక్క వేస్తే
దొంగలు పడ్డ ఊరిలా లేస్తాయి.
లోపల మిణుగురు జన్యువొకటి దాచాం:
ఎంత మంటో అంత మెరుపు.

నిప్పు పెట్టేదీ నేనే,
ఆర్పేదాని కోసం దేవులాడేదీ నేనే.

ఆర్నెల్లు మందు ముఖమే చూడలేదు.
పరీక్షనే పరీక్షించాం.
సోమవారం కణాలకున్న కోపం
శుక్రవారం కణాలకెందుకు లేదు?
అంచు గుంటలే ముందెందుకు ఎండుతాయి?
చివరికి అంచుల్లో ఉత్త నీళ్ళు పోసి
మధ్య మూడొందల ఎనిమిదితో సరిపెట్టుకున్నాం.

ఐల్సా ఇప్పుడు పైపెట్ పట్టదు.
బొటనవేలి కణుపు ఉసిరికాయంత.
జనపనార మిల్లులో అరిగిన నాయనమ్మ చేతులే
తనకొచ్చాయంటుంది.
రోబో చేతిని చూసి
"దీనికి చలికాలం తెలీదు" అని తిడుతుంది.

బుధవారం, జి-పదకొండు.
చుట్టూ మెరుపులు, అక్కడ మాత్రం
చిమ్మచీకటి.
పేరైనా లేని పదార్థం, ఉత్త నంబరు.
ఐల్సా బిస్కెట్ల డబ్బా తెచ్చింది.
నేను రెండు తిన్నాను.

తర్వాత రంగు వేశాం.
బతికున్న కణం నీలాన్ని గులాబీ చేస్తుంది.
ఒక గంట. రెండు. నాలుగు.
నీలం నీలంగానే ఉంది.

కోపం చల్లారలేదక్కడ.
కోప్పడేవాళ్ళే మిగల్లేదు.

డబ్బా మూత పెట్టేసింది ఐల్సా.
చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.
నిశ్శబ్దం చూసి శాంతి అనుకోవడం
ఇది మొదటిసారి కాదు నాకు,
ప్రయోగశాలలోనే కాదు కూడా.

జాబితాలో ఎక్కడో అడుగున, ఎమ్-ఐదు.
మెరుపు మూడోవంతే తగ్గింది.
ఎవరూ డబ్బా తెరిచేంత సంగతి కాదు.
రంగు మాత్రం గులాబీ,
లేత జామపండు కోసినట్టు.

దాని పక్కన ఐల్సా
వంకర వేలితో ప్రశ్నార్థకం గీసింది,
చుక్క పెట్టడానికి కాస్త కష్టపడి.

నేను కొత్త ప్లేటు తీసి
అంచు గుంటల్లో నీళ్ళు పోస్తున్నాను.