మీది రొట్టె

నారాయణపేట టౌన్‌హాల్ల నాటకం.
పోస్టరు అచ్చుకాలే, చేత్తో రాసిండ్రు: రొట్టె.
నేను లైట్ల మనిషిని.
ఒక పచ్చబుగ్గ, ఒక తెల్లబుగ్గ,
ఫీజు పోతే వేసేందుకు జేబుల తీగ ముక్క.

మాటల్లేవు.
శశిరేఖ ఒక్కతే, ముందట గ్యాసు పొయ్యి, ఇనుప పెనం,
తాంబాళంల జొన్నపిండి.
ఉడుకునీళ్లు పోసి, అరచేతి మడిమెతో ఒత్తి ఒత్తి పిసికి
తట్టుడు మొదలుపెట్టింది.

టప్ టప్ టప్.

ముందు వరుసోళ్లు చప్పట్లు కొట్టాల్నా వద్దా తెల్వక
చేతులు ఒళ్లె పెట్టుకున్నరు.
"షుగరుకు మంచిది" అన్నడొకాయన భార్యతో,
మందుచీటీ చదివినట్టు.
ఎనుక వరుసల ఎవడో గుటక మింగిండు.
లైట్ల డబ్బ కాడికి వినొచ్చింది.

మక్తల్ బడిల నా టిఫిన్ డబ్బ
మూత ఎన్నడు పూరా తీయలే.
మూత నీడల రొట్టె తుంచుకొని తిన్న, నాలుగేండ్లు.
పక్కోని డబ్బల తెల్లబువ్వ.
ఏం తెచ్చినవ్‌రా అంటే పప్పన్నం అన్న.
పంటి సందుల జొన్నపొట్టు నన్ను పట్టిచ్చింది.
ఇయ్యాల అదే రొట్టె హైవే హోటల్ల
బువ్వ కంటె పిరం,
అరిటాకు మీద పెట్టి ఫోటో తీస్తరు.

మూడో రొట్టె అంచు పలిగింది.
అది నాటకంల లేదు.
శశిరేఖ చేయి ఆగింది.

తలుపు కాడ నిలవడ్డ ఒకామె కదిలింది,
హాలు ఊడ్చే కుర్మమ్మ.
"పిండి సల్లారింది బిడ్డా. ఇంగ సాగది. జరుగు."
చెప్పులు మెట్ల కాడ ఇడిచింది.
గుసగుస లేచింది.
చెంబు నీళ్లతో చేతులు కడుక్కున్నది,
అందరు చూసేటట్టు, రెండుసార్లు.
నేను తెల్లబుగ్గ ఆమె మీదికి తిప్పిన. ఎవరు చెప్పలే.

రెండు చేతుల నడుమ పిండి తిరిగింది,
పున్నమి లెక్క కాదు, రొట్టె లెక్కనే గుండ్రంగ.
పెనం మీద ఏసి తడిగుడ్డ తుడిస్తె
పొగ, ఉస్సుమన్న సప్పుడు,
నాకు తెలిసిన ఆకలి.

ఆఖర్ల తట్ట జనంలకు పంపిచ్చిండ్రు.
తినుడే నాటకం ముగింపు.
షుగరాయన మీది నాలుగు రొట్టెలు లేపి
అడుగున ఉన్న శశిరేఖ రొట్టె ఏరుకున్నడు,
చల్లారింది, అంచు పలిగింది.
ఇంకొకామె గూడ అడుగుదే తీసింది.
ఒకాయన "ఇప్పుడే టిఫినైంది" అన్నడు,
కడుపు నిమిరి చూపిచ్చిండు.
అది గూడ నటనే, బాగనే చేసిండు.

తట్ట నా కాడికొచ్చేసరికి
కుర్మమ్మ రొట్టెలు నాలుగుకు నాలుగు ఉన్నయి.

లైటు ఆర్పే టైము దాటింది.
శశిరేఖ స్టేజి మీదికెళ్లి సైగ చేస్తున్నది,
ఆర్పు, ఆర్పు.

నా రెండు చేతులల్ల రొట్టె ఉన్నది.